అన్నది కుళాయి దగ్గర

ఒరే నాయనా,

మొన్న రాత్రి నా మంచం పక్కన కూర్చుని నువ్వన్న మాటకి నాకు నిద్ర పట్టలేదు. "సారీ చెప్పేశాను కదా మామ్మా, ఇంకా ఏం చెయ్యమంటుంది అది?" అన్నావు. కోపంతో అనలేదు, నిజంగానే తెలియక అడిగావు. అందుకే రాస్తున్నాను. ఒకే ఇంట్లో ఉండి ఉత్తరమేమిటని అనుకోకు. ఎదురుగా కూర్చుంటే నువ్వు మధ్యలో "అది కాదు మామ్మా" అంటావు, నేను నీ మొహం చూసి సగంలో ఆపేస్తాను. కాగితం మీదైతే చివరిదాకా చెప్పగలను.

జరిగింది ముందు రాస్తాను, ఎందుకంటే నువ్వు దాన్ని ఇప్పటికీ "ఆ విషయం" అంటున్నావు. పాప మొదటి పుట్టినరోజుకి మన వైశాలి నగర్ ఇంటిముందు షామియానా వేశాం. యాభైమంది దాకా వచ్చారు. సెక్టార్లలో ఉన్న మనవాళ్ళు, క్యాంపు నుంచి మీ నాన్న స్నేహితులు, ఖుర్సీపార్ నుంచి మీ మామగారి వైపువాళ్ళు. మామగారు పాపకి బంగారు గొలుసు పెడతానని పురిటినాడు అన్నారు. పుట్టినరోజుకి వెండి పట్టీలు తెచ్చారు. నువ్వు ఆ డబ్బా తెరిచి, అందరూ చూస్తుండగా, "మామయ్యగారి మాట ఎప్పుడూ వెండి దగ్గరే ఆగిపోతుంది" అన్నావు. నలుగురు నవ్వారు. ఆయన కూడా నవ్వారు. నేను ఆయన పక్కనే కూర్చున్నాను. నవ్వుతూనే విస్తరి మడిచేశారు. పెరుగు వడ్డించడానికి వచ్చిన కుర్రాడితో "చాలు బాబూ" అన్నారు. చెయ్యి కడుక్కున్నాక నీ భార్యని ఒకసారి చూసి వెళ్ళిపోయారు.

రెండోరోజు నువ్వు ఫోనులో పంపిన మాటలు నాకు చూపించావు. "సారీ మామయ్యా, సరదాకి అన్నాను, మీరు బాధపడి ఉంటే క్షమించండి." ఆయన చేతులు జోడించిన బొమ్మ ఒకటి తిరిగి పంపారు. నీ లెక్కలో అక్కడితో అయిపోయింది. నీ భార్య మాత్రం వారం రోజులుగా అవసరానికి మించి మాట్లాడటం లేదు, పండక్కి పుట్టింటికి ఎలా వెళ్ళాలా అని ఆలోచిస్తోంది.

"చెప్పేశాను" అన్నావు చూడు, నేను ఆ మాట దగ్గరే ఆగిపోయాను. కరెంటు బిల్లు కట్టేశాను, గ్యాసు బుక్ చేసేశాను, సారీ చెప్పేశాను. మనం దించుకోవాలనుకున్న బరువుకే ఆ "ఏశాను" తగిలిస్తాం. పెళ్ళయి వచ్చాక ఇరవై అయిదేళ్ళు మా క్వార్టరు వరండాలో మన పిల్లలకి తెలుగు చెప్పానని నీకు తెలుసు. బళ్ళో హిందీ, వీధిలో ఛత్తీస్‌గఢీ, ఇంట్లో శ్రీకాకుళం యాస. ఆ మూడింటి మధ్య పెరిగిన పిల్లలు వాళ్ళు. పలక పగలగొట్టిన పిల్లాడు నా దగ్గరికి వచ్చి "మాఫీ ఇచ్చెయ్ టీచర్" అనేవాడు. హిందీలో అడిగేది తెలుగులో అడిగేవాడు. వాణ్ణి దిద్దాలని చూస్తే నాకే కొన్ని సంగతులు తెలిసొచ్చాయి.

మాఫీ అంటే మనకి వెంటనే రుణమాఫీ గుర్తొస్తుంది. బాకీ కొట్టేయడం. పుస్తకంలో ఆ గీత గీస్తే అప్పున్నవాడికి హాయి, ఇచ్చినవాడి డబ్బు మాత్రం పోయినట్టే. మన మాట వేరు. మనం "మన్నించండి" అంటాం. మన్నించడమంటే క్షమించడమొక్కటే కాదురా, గౌరవించడం కూడా. మన్నన అందులోంచి వచ్చిందే. పెద్దల మాట మన్నించాడు అంటే విలువిచ్చాడని కదా. నువ్వు మీ మామగారి దగ్గర యాభైమంది ముందు లాక్కున్నది ఏమిటి? మన్నన. ఇప్పుడు ఆయన దగ్గరికే వెళ్ళి నాకు మన్నన ఇవ్వండి అని అడుగుతున్నావు. ఎంత పెద్ద కోరికో చూడు. ముందు ఆయనది ఆయనకి తిరిగివ్వకుండా అడగడానికి నీకు నోరెలా వస్తుంది?

క్షమ అనే మాటకి ఓర్పు అని అర్థం, భూమి అని కూడా అర్థం ఉంది. మనం ఎంత తవ్వినా భరిస్తుంది కనక ఆ పేరు. క్షమాపణ కోరడమంటే నేను పెట్టిన బరువు నువ్వు మోయగలవా అని అడగడం. ఇదివరకు మనవాళ్ళు క్షమాపణ వేడుకునేవారు, కోరేవారు. ఇప్పుడు పేపర్లో కూడా "క్షమాపణ చెప్పారు" అని రాస్తున్నారు. కోరినప్పుడు అవతలివాళ్ళు ఇవ్వకపోవచ్చు. చెప్పినప్పుడు ఇక వాళ్ళతో పనే లేదు, చెప్పి లేచి వెళ్ళిపోవచ్చు. నీ "సారీ"ని నేను తక్కువ చెయ్యను. ఆ మాట పాత ఇంగ్లీషులో పుండుకీ నొప్పికీ ఉన్న మాట ఇంటిదే. ఆ భాషలోనైనా మొదట్లో దానర్థం "నాకు నొప్పిగా ఉంది" అనే. నువ్వు ఫోనులో ఆ రెండక్షరాలు కొట్టినప్పుడు నీకెక్కడైనా నొప్పెట్టిందా? నిజం చెప్పు, నాకు కాదు, నీకు.

మీ తాతయ్య దగ్గర నేర్చుకున్నది ఇంకొకటుంది. 1955లో ఉక్కు ఫ్యాక్టరీకి రష్యావాళ్ళతో ఒప్పందమయి, 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ రాజేంద్రప్రసాద్‌గారి చేతులమీదుగా మొదలైన ఊరు ఇది. తాతయ్య ఆ తరవాతి ఏడాదే చేరారు. చేరిన కొత్తలో రష్యన్ ఇంజినీర్ల పక్కన నిలబడి పని నేర్చుకున్నారు. భాష రాదు, చేతులతో సైగలు. అయినా పది పదిహేను మాటలు పట్టుకున్నారు, పోయేదాకా మరిచిపోలేదు. అందులో ఒకటి "ఇజ్వినీతే". ఆ భాషలో దోషాన్ని వినా అంటారట. ఇజ్వినీతే అంటే ఆ దోషం నా మీంచి మీరు తియ్యండి అని. తీసే చెయ్యి అవతలివాళ్ళది. అదే మాటకి "ఇజ్విన్యాయుస్" అని ఇంకో రూపం ఉంది. నా దోషం నేనే తీసేసుకుంటున్నాను అన్నట్టు వినిపిస్తుంది అది. రష్యన్ ఇళ్ళలో పెద్దవాళ్ళు పిల్లలు అలా అంటే ఒప్పుకోరట. మైత్రీబాగ్‌లో నిన్ను భుజాలమీద ఎక్కించుకుని తిప్పేటప్పుడు తాతయ్య ఈ రెండు మాటలూ నీచేత అనిపించేవారు. నీకు గుర్తుండకపోవచ్చు. నీ "సారీ చెప్పేశాను" వింటే నాకు ఆ రెండో మాటే గుర్తొచ్చింది.

ఇక నా సంగతి చెప్పాలి. ఇది మీ నాన్నకి కూడా పూర్తిగా తెలియదు.

1979లో మా వీధి ఆడవాళ్ళం చీటీ నడిపేవాళ్ళం. లెక్క నాది. ఒక నెల రెండు వందలు తక్కువొచ్చాయి. ఆ రోజుల్లో రెండు వందలంటే నెల సరుకులు. మా పక్క క్వార్టరులో మన టెక్కలి వైపువాళ్ళే ఉండేవారు. వాళ్ళ అబ్బాయి నా దగ్గర చదువుకోడానికి వచ్చేవాడు, పదకొండేళ్ళవాడు. మా ఇంట్లో చనువుగా తిరిగేవాడు. నాకు అనుమానం వచ్చింది, అనుమానాన్ని నేను రెండు రోజులైనా కడుపులో దాచుకోలేకపోయాను. పొద్దున్న కుళాయి దగ్గర అందరూ బిందెలతో నిలబడి ఉండగా వాళ్ళమ్మతో అన్నాను: "పిల్లాణ్ణి మా ఇంటికి పంపేటప్పుడు జేబులు చూసి పంపమ్మా." ఆ ఒక్క ముక్కే. పేరు పెట్టి దొంగ అనలేదు. అననందుకు నేను చాలా మర్యాదస్తురాలిననుకున్నాను.

రెండు నెలల తరవాత డబ్బాలు కడుగుదామని మినప్పప్పు డబ్బా తీస్తే, అలమరలో పరిచిన న్యూస్‌పేపరు మడతలో ఆ నోట్లున్నాయి. నేనే పెట్టాను. నా చెయ్యే.

ఆ రాత్రి వంటలయ్యాక వాళ్ళ వెనక గుమ్మంలోంచి వెళ్ళాను. ఆమె పొయ్యి అలుకుతోంది. "చెల్లీ, తప్పయిపోయింది, డబ్బు దొరికింది" అన్నాను. ఆమె చేతులు కడుక్కుని నాకు పీట వేసింది. కాఫీ ఇచ్చింది. నేను తాగుతుంటే నిదానంగా అంది: "అక్కా, అన్నది కుళాయి దగ్గర. చెప్పేది వంటింట్లోనా?"

నాకు ఒళ్ళు మండింది, నాయనా. గుమ్మం తొక్కి వచ్చి తప్పు ఒప్పుకుంటే ఇంకా ఏం కావాలీ మనిషికి అనుకున్నాను. నువ్వు మొన్న అన్నదీ ఇదే మాట. అందుకే నీ మీద నాకు కోపం రాలేదు, భయమేసింది. ఆ కోపం పట్టుకుని నేను నెలరోజులు తిరిగాను. కుళాయి దగ్గర ఆమె వస్తుంటే మిగతావాళ్ళు ఎలా మాట మారుస్తారో, ఆ పిల్లాడు మా వరండా దాటేటప్పుడు ఎలా అటువైపు తల తిప్పుకుని పరిగెడతాడో చూశాక దిగింది. ఒప్పుకున్న సంగతి నాకూ ఆమెకీ తెలుసు. దొంగతనం సంగతి మాత్రం వీధంతటికీ తెలుసు.

ఒక పొద్దున్న బిందె పట్టుకుని వరసలో నిలబడి చెప్పాను. "ఆ రెండు వందలు మా ఇంట్లోనే దొరికాయి. నేనే పెట్టి మరిచిపోయాను. ఈమె కొడుకు మీద నేను నింద వేశాను. అది నా తప్పు." కాళ్ళు వణికాయి. బిలాస్‌పూర్ వైపు ఆవిడ ఒకరు "జానే దో బహన్" అంది. ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. ఆ పిల్లాడి తల్లి ఏమీ అనలేదు, తన బిందె నిండాక ఎత్తుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ మునుపటిలా మా ఇంటికి రావడమన్నది జరగలేదు. పలకరించేది, పండక్కి అరిసెలు పంపేది, అంతవరకే. దానికి ఆమెని నేను తప్పు పట్టను. మనం కోరగలం, అంతే.

ఇందులో ఇప్పటికీ నన్ను కలుక్కుమనిపించేది వేరే ఉంది. నేను వాళ్ళమ్మకి చెప్పాను, వీధికి చెప్పాను. ఆ పిల్లాడికి చెప్పలేదు. పదకొండేళ్ళవాడికి క్షమాపణ ఏమిటని తట్టనైనా లేదు. నింద పడింది వాడిమీద. వాళ్ళ నాన్న ఉద్యోగం మానుకుని ఊరికి వెళ్ళిపోతున్నప్పుడు లారీలో సామాన్ల మీద కూర్చుని వెళ్ళాడు వాడు. నేను గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపాను. మాట రాలేదు. పిల్లల ముందు తల వంచడం పెద్దరికానికి లోటనుకునే ఇళ్ళలో పెరిగాం మేం. మీ నాన్న చిన్నప్పుడు నేను ఊరికే కొట్టిన రోజులున్నాయి, సాయంత్రం అడిగినవన్నీ వండి పెట్టేదాన్ని గానీ "నాదే తప్పురా" అని ఒక్కసారైనా అనలేదు. వాడూ నీతో అనలేదు. ఆ మాట మన ఇంట్లో నోటికి అలవాటవలేదు. నీకు అది ఇవాళ ఇంత కష్టంగా ఉందంటే అందులో నా పాలు ఉంది.

నువ్వు పంపిన మాటలు మళ్ళీ చదువు. "సరదాకి అన్నాను" అంటే, పట్టించుకున్నది మీరే అని. "బాధపడి ఉంటే" అంటే, పడ్డారో లేదో నాకు తెలియదని. ఆయన విస్తరి మడిచినప్పుడు నువ్వు చూడలేదా? చూశావు. జలియన్‌వాలాబాగ్ జరిగిన వందేళ్ళకి, 2019 ఏప్రిల్ 10న, బ్రిటన్ ప్రధాని థెరెసా మే వాళ్ళ పార్లమెంటులో లేచి తీవ్రంగా విచారిస్తున్నామంది. క్షమించమన్న మాట మాత్రం రాలేదు. వందలమందిని నిలువునా కాల్చి చంపిన దానికి వందేళ్ళ తరవాత కూడా విచారం దగ్గరే ఆగిపోయింది. వాన పడకపోయినా విచారిస్తాం, రైలు తప్పిపోయినా విచారిస్తాం. విచారించడానికి తప్పు చేసి ఉండక్కర్లేదు.

ఆస్ట్రేలియాలో ఆదివాసీల పిల్లల్ని తల్లుల దగ్గర్నుంచి లాక్కుపోయిన దుర్మార్గానికి 1999లో వాళ్ళ పార్లమెంటు ఇలాగే విచారం తీర్మానం చేసింది. అది ఎవరికీ ఆనలేదు. 2008 ఫిబ్రవరి 13న కెవిన్ రడ్ ప్రధానిగా నిలబడి, ఆ పిల్లలై బతికి ముసలివాళ్ళైన వాళ్ళని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఏం చేశామో చెప్పి, సారీ అని మళ్ళీ మళ్ళీ అన్నాడు. జనం ఏడ్చారు. పరిహారం మాట అందులో లేదని కొందరు అప్పుడే నిలదీశారు, అదీ న్యాయమే. అయినా ఆ రెండు సార్లకీ మధ్య తేడా ఉందిరా. మొదటిసారి బాధ గురించి మాట్లాడారు. రెండోసారి తాము చేసిన పని గురించి మాట్లాడారు. మొదట నీకు కావలసింది అదే. "మీకు బాధ కలిగితే" అని కాదు, "నేను ఈ మాట అన్నాను" అని.

దుర్గ్‌లో మనం బట్టలు కొనే జైనుల కొట్టు పెద్దాయన నీకు తెలుసు. భాద్రపదంలో పర్యూషణం ముగిసే రోజున వాళ్ళు ఒకరికొకరు "మిచ్ఛామి దుక్కడం" అని చెప్పుకుంటారు. నేను చేసిన చెడు ఫలించకుండా పోవాలి అని ప్రాకృతంలో. కొట్లో కుర్రాళ్ళు దాన్ని ఫోనులో ఒక్క నొక్కుతో మూడు వందలమందికి పంపిస్తారు, నాకూ వస్తుంది. పెద్దాయన అది పంపించరు. ఒక ఏడాది రెండు కిలోమీటర్ల దూరం నడిచి ఒక కుట్టుపనివాడి ఇంటికి వెళ్ళడం నాకు తెలుసు. ఏ గొడవో నేనడగలేదు. "ఊరందరినీ అడగడం తేలికమ్మా, ఒక్కణ్ణి అడగడమే కష్టం" అన్నారు. ఆ పండగ ఎంత బరువైనదో నాకు ఆ రోజు తెలిసింది.

ఇక నీ అసలు ప్రశ్న. ఇంకా ఏం చెయ్యాలి?

నేను వరండాలో పెద్ద పిల్లలకి చెప్పిన కావ్యాల్లో నాకిష్టమైనది నంది తిమ్మన పారిజాతాపహరణం. కృష్ణుడు పారిజాతం పువ్వు రుక్మిణికి ఇచ్చాడని సత్యభామ అలిగి కూర్చుంటుంది. కృష్ణుడు వచ్చి తలవంచి పాదాలమీద వాలతాడు. ఆమె ఎడమకాలితో తోసేస్తుంది. ఆయన కోపగించుకోడు సరే, నీ పాదం నొచ్చిందేమో అని బాధపడతాడు. అందరూ ఆ ఘట్టం దగ్గరే ఆగిపోతారు. అందంగా ఉంటుంది కనక. రాయలవారికీ రాణికీ మధ్య అలక తీర్చడానికే తిమ్మన ఆ కావ్యం రాశాడని కూడా కథ చెబుతారు. కానీ కావ్యం పేరు చూడు. పాదాల మీద వాలడంతో కథ అయిపోతే దానికి ఆ పేరెందుకు? తల వంచాక కృష్ణుడు లేచి స్వర్గానికి వెళ్ళాడు, ఇంద్రుడితో తలపడ్డాడు, పువ్వు కాదు, చెట్టుకు చెట్టే తెచ్చి సత్యభామ పెరట్లో నాటాడు. "తల వంచాను కదా, ఇంకా ఏం కావాలి నీకు" అని అడగలేదు.

మీ మామగారికి ఏది చెట్టో నువ్వే వెతుక్కోవాలి, నేను చెప్పేస్తే అది నాదవుతుంది. కొంచెం మాత్రం చెబుతాను. ఆయన కాంట్రాక్టు పనిలో ముప్ఫయ్యేళ్ళు ఎండలో నిలబడి ఇద్దరు ఆడపిల్లల్ని చదివించిన మనిషి. బంగారం ధర ఎక్కడుందో నీకు తెలుసు. గొలుసు అన్న మాట ఆయన మనవరాల్ని మొదటిసారి ఎత్తుకున్న సంతోషంలో అన్నది. ఆ సంతోషాన్ని నువ్వు బాకీగా రాసుకుని యాభైమంది ముందు చదివావు. వెళ్ళేటప్పుడు మిఠాయి డబ్బా తీసుకెళ్ళకు, గొలుసు నువ్వే కొని ఆయన చేతిలో పెట్టి మళ్ళీ పెట్టించాలని చూడకు. అంతకంటే పెద్ద అవమానం ఉండదు.

ముందు నీ భార్యకి చెప్పు. నిన్ను క్షమించమని కాదు, ఆ రోజు ఏం చేశానో నాకు తెలిసింది అని. ఆవిడ ఏమీ అనకపోతే ఏమీ అనకపోనీ. "ఇప్పుడు సరేనా" అని మొహంలోకి చూసి అడగొద్దు. ఆ ప్రశ్నతో నీ బరువు మళ్ళీ ఆవిడ నెత్తినే పెడతావు.

తరవాత ఖుర్సీపార్ వెళ్ళు. ఒక్కడివే వెళ్ళు, మీ నాన్ననీ నన్నూ అడ్డం పెట్టుకోకు. అన్నమాట అన్నట్టుగా ఆయన ముందు మళ్ళీ చెప్పు, "నేను మీ మాట వెండి దగ్గర ఆగిపోతుందన్నాను, అది తప్పు" అని. ఆ వాక్యానికి తోక పెట్టకు. కానీ అని మొదలుపెట్టిన ప్రతి తోకా ముందు మాటని మింగేస్తుంది. ఆయన "పోనీలే బాబూ" అంటారు. వెంటనే అంటారు, అది ఆయన మర్యాద. దాన్ని పట్టుకుని గెంతులేస్తూ ఇంటికి రావద్దు. కాసేపు కూర్చో. మాట్లాడకుండా కూర్చోవడం నీకు రాదు, అయినా కూర్చో.

కార్తీక వనభోజనాలకి వచ్చే ఆదివారం మైత్రీబాగ్‌లో మళ్ళీ అందరం కలుస్తున్నాం. ఆ షామియానా కింద నవ్విన నలుగురూ వస్తారు. ఆయన రానని కబురు చేశారు. అందరి ముందు చెప్పమంటారా అని ఆయన్నే అడుగు. నా విషయంలో కుళాయి దగ్గర చెప్పడమే న్యాయం, ఎందుకంటే అప్పటికి అక్కడ నింద ఇంకా నిలబడే ఉంది. ఇక్కడ నలుగురిలో ఆ గొలుసు మాట మళ్ళీ ఎత్తడం ఆయనకి రెండోసారి నొప్పి కావచ్చు. అక్కర్లేదంటే అక్కర్లేదు. చెప్పమంటే నిలబడి చెప్పు, విస్తళ్ళు వెయ్యకముందే చెప్పు. తీర్పు ఆయనది.

ఇంకొక్కటి. ఆ పట్టీలు పుట్టినరోజు నాటి నుంచి బీరువాలో డబ్బాలోనే ఉన్నాయి. ఇవాళ పొద్దున్న తీసి చూశాను. చిన్న చిన్న మువ్వలు, ఒక్కో దానికీ పదకొండు. ఎవరో తెలిసిన కంసాలి దగ్గర కూర్చుని చేయించినట్టున్నారు, కొక్కెం దగ్గర పాప పేరు మొదటి అక్షరం చెక్కించారు. ఆ రోజు ఎవరమూ అది చూడలేదు, నువ్వు డబ్బా మూసేశావు. ఒక్కడివే వెళ్ళమన్నాను గానీ పాపని ఎత్తుకెళ్ళు. కాళ్ళకి అవి పెట్టి తీసుకెళ్ళు. గేటు దగ్గర దించితే తనే తప్పటడుగులు వేసుకుంటూ లోపలికి పోతుంది. ఆయన మధ్యాహ్నం పూట వరండాలో నులకమంచం మీద పడుకుంటారు. ఆ చప్పుడుకి లేచి కూర్చుంటారు. అప్పుడు నువ్వు గేటు లోపలికి రా.